నీళ్లు ఆగేదాకా

రెండు వారాల క్రితం శనివారం పొద్దున, ఆఫీసులో వారం పనుల సమీక్ష చేసుకుంటుండగా ఫోను మోగింది. రేపల్లెలో ఎస్టీడీ బూతు నుంచి. వెనకాల బస్సు హారను వినబడుతోంది. "మేడమ్, నేను మేస్త్రి గారి అమ్మాయినండి. నాన్న నిన్న సాయంత్రం పోయాడండి" అంది. నేను తేరుకుని ఏదో అడగబోయే లోపే, "తనకేమన్నా అయితే మీకు చెప్పమన్నాడండి, అందుకని చేశాను" అని పెట్టేసింది.

నా ఎదురుగా ఐదుగురు కూర్చుని ఉన్నారు. గోడ మీద చార్టు ఉంది. ఏ పని ఏ రోజు మొదలుపెట్టి ఏ రోజుకి ముగించాలో చెప్పే రంగురంగుల గీతలు. వాటిలో ఒక్కటి కూడా ఆలస్యం కాలేదని అప్పుడే చెప్పుకుని మురిసిపోయి ఉన్నాం. ఎవరు పోయారని వాళ్లు అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. బంధువు కాదు. చదువు చెప్పిన మాస్టారు కాదు. కాగితాల్లో చూస్తే నా కింద పనిచేసిన మనిషి. "మా మేస్త్రి గారు" అన్నాను.

నా గది తలుపు మీద ప్రాజెక్టు మేనేజరు అని రాసి ఉంటుంది. ఆ పలక చూసి చాలామంది, ముఖ్యంగా ఆడపిల్లలు, ఈ దారిలోకి ఎలా వచ్చారని అడుగుతుంటారు. కష్టపడ్డానని చెబుతుంటాను. అది సగం నిజం. మిగతా సగం చెప్పకుండా పదేళ్లు నెట్టుకొచ్చాను. మేస్త్రి గారి గురించి ఒక అబద్ధం తెనాలి, రేపల్లె మధ్య కాలువ గట్ల మీద ఈ పదేళ్లూ తిరిగింది. దాన్ని ఆపగలిగిన మనిషిని నేనొక్కదాన్నే. ఆపలేదు.

ఎనభైల చివర్లో ఇంజనీరింగు పూర్తిచేసి, సర్కారు ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ కూర్చోలేక, తెనాలిలో ఒక కాంట్రాక్టరు గారి దగ్గర చేరాను. ఆయన నన్ను ఆఫీసులో డ్రాయింగులు చూసుకోమన్నారు. నేను సైటుకే పోతానని భీష్మించుకున్నాను. కాలువ గట్టు మీద ఆడపిల్లకేం పనని ఆయన, పెళ్లి సంబంధాల వాళ్లకి ఏమని చెప్పుకోవాలని మా అమ్మ. చివరికి ఆయనే విసుగెత్తి ఒక్క వేసవి చూస్తానన్నారు. ఆ వేసవిలో పని నిలబెట్టుకుంటే సైటులో ఉంటాను, లేకపోతే డ్రాయింగుల బల్ల దగ్గరికి పోతాను. అదీ ఒప్పందం.

మా డెల్టాలో కాలువ పనులకి గడువు మనుషులు పెట్టేది కాదు. ఏప్రిల్లో కాలువలు కట్టేస్తారు, జూన్‌లో నీళ్లు వదులుతారు. పూడిక తీయాలన్నా, తూము కట్టాలన్నా ఆ మధ్యలోనే. ఇంకో వారం ఆగమని నీళ్లకి అర్జీ పెట్టుకోవడం కుదరదు. నాకు అప్పగించిన పని రేపల్లె దగ్గర, శివారు పొలాలకి నీళ్లిచ్చే ఒక పిల్ల కాలువ మీద. పాత తూము శిథిలమైంది. దాని పక్కనే కొత్తది కట్టాలి.

మొదటి రోజు పాసింజరు దిగి, గొడుగు వేసుకుని, చంకలో చార్టు చుట్టతో గట్టెక్కాను. మేస్త్రి గారు అప్పటికే పది మందిని పనిలో పెట్టి ఉన్నారు. అరవై దగ్గరపడిన మనిషి. కళ్లజోడుకి ఒక పక్క కాడ విరిగిపోతే పురికొస కట్టి చెవికి తగిలించుకున్నారు. తల మీది తువ్వాలు తీసి ఒక్క క్షణం కళ్లు మూసుకున్నారు. పని మొదలుపెట్టే ముందు ఆయన రోజూ చేసుకునే ప్రార్థన అది. తర్వాత నా వైపు తిరిగి "రండమ్మా" అన్నారు. వచ్చింది ఆడపిల్ల అన్న ఆశ్చర్యం ఆయన మొహంలో నేను వెతికాను. దొరకలేదు.

రేకుల షెడ్డులో నా చార్టు తగిలించాను. ఇంగ్లీషులో రాసిన ఆ గీతల్ని ఆయన కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. మెచ్చుకుంటారని నేను నిలబడి ఉన్నాను.

"బాగుందమ్మా. ఇందులో దుగ్గిరాల పసుపు ఎక్కడుంది?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. పసుపు ఉడకబెట్టి ఆరబోసే పని ముగిసేదాకా అటువైపు కూలి ఆడవాళ్లు మనకి రారని, ఇటుక మోసేది వాళ్లేనని ఆయనే విడమరచి చెప్పారు. గుడ్ ఫ్రైడే నుంచి ఈస్టరు దాకా తన వాళ్లెవరూ తాపీ పట్టరని చెప్పారు. గట్టి ముహూర్తాలున్న రోజుల్లో ట్రాక్టర్లన్నీ పెళ్లివారి వంటసామాను మోస్తుంటాయి కాబట్టి ఇసుక ముందే తోలించుకోవాలన్నారు. నా చార్టులో సిమెంటుంది, ఇనుముంది, మనుషుల సంఖ్య ఉంది. మనుషులు లేరు. నాకు కోపం వచ్చింది. కాలేజీలో ఇలాంటి చార్టుకే మొదటి మార్కు తెచ్చుకున్నాను మరి. అన్నం తినేటప్పుడు తన డబ్బాలోంచి గోంగూర పచ్చడి నా మూత మీద పెడుతూ ఆయన ఇంకొక్క మాట అన్నారు. "ఇవాళ్టి నుంచి ముందుకి లెక్కేసుకుంటే ఎప్పుడూ రోజులు మిగిలినట్టే ఉంటాయమ్మా. నీళ్లొచ్చే రోజున నిలబడి వెనక్కి చూడండి."

ఆ మధ్యాహ్నం చార్టు చించేసి మళ్లీ గీశాను, ఈసారి చివరి నుంచి. చాలా ఏళ్ల తర్వాత హైదరాబాదులో ఒక శిక్షణ తరగతిలో ఇదే సంగతిని రెండు రోజులపాటు తెర మీద బొమ్మలు వేసి చెప్పారు. నాకు గోంగూర వాసన వచ్చింది.

ఆయన పద్ధతుల్లో నన్ను బాగా విసిగించింది ఒకటుంది. మట్టం చూడటానికి నా దగ్గర లెవెలు మిషను ఉంది. ఆయన దగ్గర నీళ్లు పోసిన సన్నని ప్లాస్టిక్ పైపు ఉంది. ఒక చివర ఆయన పట్టుకుని, రెండో చివర నాకిచ్చి, రెండు చోట్లా నీటి గీత ఎక్కడుందో చూసేవారు. మిషను పెట్టి చూశాక కూడా మళ్లీ పైపు పెట్టాల్సిందే. పైపులో నీళ్లు కాసేపు పైకీ కిందికీ ఊగుతాయి. ఆ ఊగినంతసేపు ఎవరూ మాట్లాడకూడదు. నేను నోరు తెరిస్తే, "నీళ్లు ఆగనివ్వండమ్మా" అనేవారు. ఆగాక గీత చూసి "సరిపోయింది" అనేవారు. ఆ మాట వినేదాకా కూలీలు కూడా తట్ట ఎత్తేవారు కాదు. మాట్లాడితే నీళ్లకేం అవుతుందని ఒకసారి అడిగాను. నీళ్లకేం కాదట, చూసే మనిషికి అవుతుందట.

గుడ్ ఫ్రైడే వచ్చింది. ఆయన చెప్పినట్టే సైటు ఖాళీ. మళ్లీ సోమవారం దాకా ఎవరూ రారు. నాకు ఖాళీ సైటు చూస్తే చేతులు దురద. ఎవరూ లేనప్పుడు పని కొంచెం ముందుకి జరిపితే మేస్త్రి గారికి కూడా తెలుస్తుంది కదా నేనంటే ఏంటో అనుకున్నాను. కాలువ కాపలా చూసే లస్కరును బతిమాలి కొలత కర్ర పట్టించి, నేనే మిషను పెట్టుకుని, పాత తూము పక్కన గట్టుని ఆపే రెక్కగోడ మీద ఎర్ర రంగుతో ఎత్తు అంకె రాసి ఉన్న మట్టం గుర్తు నుంచి లెవెళ్లు తీసి, కొత్త తూము అడుగు ఎంత ఎత్తున రావాలో కొయ్యమేకులు కొట్టించేశాను. సోమవారం వాళ్లంతా వచ్చేసరికి అన్నీ సిద్ధం. మూడు రోజులు కలిసొచ్చాయని గొప్పగా చెప్పాను.

మేస్త్రి గారు మేకుల వైపు చూశారు. పాత తూము అడుగుతో ఒకసారి పైపు పెట్టి చూసుకుందామా అన్నారు. మిషను చెప్పాక పైపెందుకండీ అన్నాను. అందరూ వింటుండగా అన్నాను. ఆ మాట అన్న తీరు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆయన తువ్వాలు తీసి కళ్లు మూసుకున్నారు, పని మొదలుపెట్టారు.

కాంక్రీటు పోశాం, తడిపాం. గోనెపట్టాలు తడిపి పరిచేటప్పుడు ఆయన వాటిని అరచేత్తో తట్టేవారు, పసిబిడ్డకి దుప్పటి కప్పినట్టు. మే నెల సగం దాటాక చెక్కలు ఊడదీశాం. ఆ పొద్దున ఆయన మాట్లాడకుండా పైపు తెచ్చి ఒక చివర నాకిచ్చారు. తను వెళ్లి పాత తూములో దిగారు. రెండు తూముల అడుగులూ ఒకే మట్టంలో ఉండాలి. నీళ్లు ఊగి ఊగి ఆగాయి. నా వైపు ఆరంగుళాలు ఎత్తు.

ఆ ఎత్తుకి శివారు పొలాలకి సగం నీళ్లు కూడా అందవు. ఏ గుర్తు నుంచి తీసుకున్నారమ్మా అని అడిగారు. చూపించాను. ఆయన ఆ రెక్కగోడ దగ్గరికి నడిచి చేత్తో తడిమారు. తుఫాను తర్వాత ఆ గోడ మీద రెండు వరసల ఇటుక పేర్చింది తనేనని, రంగు వేసినవాళ్లు పాత అంకెనే మళ్లీ పైన రాశారని చెప్పారు. అసలు గుర్తు ఆ రెండు వరసల కింద, సున్నం పూతలో ఉంది. ఆ మాట అడగడానికి నాకు పట్టేది ఒక్క నిమిషం. పైపు పెట్టడానికి పది నిమిషాలు. నేను కలిపిన మూడు రోజులు కూడా గుర్తొచ్చాయి.

మర్నాడు కాంట్రాక్టరు గారు, శాఖ ఇంజనీరు గారు జీపులో వచ్చారు. నీళ్లు వదలడానికి పందొమ్మిది రోజులున్నాయి. పగలగొట్టి మళ్లీ పోయాలి. ఇది ఎవరి పని అని కాంట్రాక్టరు గారు నా మొహంలోకి చూసి అడిగారు. నా పెదవులు కదిలాయి. చెప్పడానికే కదిలాయని నేను ఇన్నాళ్లూ నాకు చెప్పుకుంటున్నాను.

"మేకుకి నా కాలు తగిలిందండి. మళ్లీ కొట్టేటప్పుడు చూసుకోలేదు. అమ్మాయి గారు సరిగ్గానే కొట్టించారు" అన్నారు మేస్త్రి గారు.

నేను ఆయన వైపు తిరిగాను. ఆయన నన్ను చూడకుండానే మెల్లగా, "నీళ్లు ఆగనివ్వండమ్మా" అన్నారు.

కాంట్రాక్టరు గారు ఆ క్షణాన్నే ఆయన్ని పనిలోంచి తీసేశారు. తన సైట్లలో ఇక ఎక్కడా కనబడొద్దన్నారు. ఇరవై ఏళ్లు ఆ కాంట్రాక్టరు గారి పనులన్నీ చేసిన మనిషి. మేస్త్రి గారు తాపీ, తూకపు గుండు, మూల మట్టం సంచిలో వేసుకున్నారు. నేను షెడ్డు వెనక్కి వెంటపడి వెళ్లి, ఇప్పుడే పోయి నిజం చెప్పేస్తానన్నాను. ఆయన పైపు చుట్ట చుట్టి నా చేతిలో పెట్టారు. "నేను తప్పు చేస్తే ఒక ముసలి మేస్త్రి తప్పు చేశాడంటారమ్మా. మీరు చేశారంటే ఇంకో ఆడపిల్లని ఈ గట్టెక్కనివ్వరు. పందొమ్మిది రోజులుంది, వెనక్కి లెక్కేసుకోండి" అన్నారు. గట్టు మీద నడిచి వెళ్లిపోయారు. ఆయన మనుషులు ఆయన వైపు చూడలేదు. మళ్లీ అంత కాంక్రీటూ పగలగొట్టాల్సింది వాళ్లే మరి.

నీళ్లు రావడానికి రెండు రోజుల ముందు పని ముగించాను. మేస్త్రి చేసిన తప్పుని దిద్ది గడువులోపల తూము నిలబెట్టిన అమ్మాయి అని తెనాలిలో పేరొచ్చింది. ఆ పేరు మీద ఇంకో పని, ఆ పని మీద ఇంకోటి. ప్లానింగు ఇంజనీరునయ్యాను. తొంభైలు సగం గడిచేసరికి మేనేజరునయ్యాను. నన్ను పైకి తీసుకెళ్లిన మెట్లలో మొదటిది ఆ అబద్ధమే. ఆయనకేమో పెద్ద పనులు రాలేదు. రేపల్లె చుట్టుపక్కల ప్రహరీ గోడలు, పశువుల కొట్టాలు, స్నానాల గదులు. మేకు చూసుకోని మేస్త్రి అనేవారట. ఈ సంగతులు నాకు తెలియవని చెప్పలేను. అడిగి తెలుసుకునేదాన్ని. తెలుసుకుని ఊరుకునేదాన్ని.

ఒక్కసారి మాత్రం ఎదురుపడ్డారు. బాపట్లలో మేం ఒక పెద్ద గోడౌను కడుతున్నాం. రైల్వే స్టేషను నుంచి వచ్చే దారిలో ఒక ఇంటి ప్రహరీకి సిమెంటు పూత పూస్తూ కనబడ్డారు. కళ్లజోడు మారింది, పురికొస మారలేదు. రిక్షా ఆపించి దిగి, నా సైటుకి పెద్దమేస్త్రిగా వచ్చేయమని బతిమాలాను. తనని నా పక్కన చూస్తే ఆ కథ మళ్లీ లేస్తుందన్నారు. అసలు కథే చెప్పేస్తాను, ఈసారి కాంట్రాక్టరు గారి ఇంటికే వెళ్తాను అన్నాను. "నీళ్లు ఆగాక చెబుదురుగాని" అన్నారు. ఏడేళ్లయింది, ఇంకా ఏ నీళ్లండీ అన్నాను. నవ్వారు. ఆయన వద్దనడం ఆయన మంచితనం. నేను ఊరుకోవడం నా సుఖం. ఈ రెండింటినీ నేను కలిపేసి, అదేదో మా ఇద్దరి ఒప్పందమైనట్టు బతికాను.

నా కింద ఇద్దరు అమ్మాయిలు ఇంజనీర్లుగా ఉన్నారని ఆయనకి ఎవరో చెప్పారట. చూడొచ్చా అని అడిగారు. సాయంత్రం చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని వచ్చారు. లోపలికి రమ్మంటే రాలేదు. గేటు దగ్గరే నిలబడ్డారు. వాళ్లలో చిన్నమ్మాయి మిషనులోంచి చూసి, మేకు కొట్టించి, మళ్లీ వెనక్కి వెళ్లి ఇంకోసారి చూసుకుంది. "రెండోసారి చూసుకుంటోందమ్మా ఆ పిల్ల" అన్నారు. అంత సంతోషం ఆయన మొహంలో నేనెన్నడూ చూడలేదు. తన పేరు ఇచ్చి ఏం కొన్నారో ఆయన ఆ రోజు కళ్లారా చూసుకున్నారని ఇప్పుడు అనుకుంటున్నాను. అప్పుడు మాత్రం నాకు మీటింగు ఉందని గుర్తొచ్చింది.

ఆ తర్వాత ప్రతి ఏడాదీ అనుకున్నాను. ఈ పని ముగియగానే, వర్షాలు వెలవగానే, బదిలీ సర్దుకోగానే. వందల పనులకి గడువులు పెట్టి ఒక్కటీ తప్పకుండా ముగించినదాన్ని, ఈ ఒక్కదానికి గడువు పెట్టుకోలేదు. చివరి రోజున నిలబడి వెనక్కి చూడమని ఆయనే చెప్పారు. ఆ చివరి రోజు ఆయనదవుతుందని నేను లెక్కేసుకోలేదు.

ఫోను వచ్చాక బీరువా తెరిచి పైపు తీసుకున్నాను. పసుపు రంగుకి తిరిగి గట్టిపడింది. ఆదివారం పొద్దునకి రేపల్లె చేరాను. ముందురోజే భూస్థాపన చేసేశారు. వాళ్లమ్మాయి అక్కడే బడిలో టీచరు. నాకు కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, నాన్న మిమ్మల్ని తలుచుకుంటుండేవాడండి అంది. నేను ఆ కాఫీ తాగాను. చెప్పలేకపోయాను. ఆదివారం తాపీ పట్టకూడదు కాబట్టి సమాధి చుట్టూ కట్టుబడి సోమవారం చేస్తారని తెలిసి, తెనాలిలో మా అమ్మ దగ్గర పడుకుని మర్నాడు మళ్లీ అదే పాసింజరు ఎక్కాను.

సమాధుల దొడ్డిలో ఆయన పాత మనుషులు నలుగురు ఇటుకలు పేరుస్తున్నారు. అందరి తలలూ నెరిసిపోయాయి. కంటి అంచనాతో మట్టం చూసుకుంటున్నారు. నేను సంచిలోంచి పైపు తీశాను. వాళ్లలో పెద్దాయన దాన్ని చూసి తాపీ కింద పెట్టాడు.

"ఇది మేస్త్రిది కదమ్మా. మీ దగ్గరెందుకుంది?"

చెప్పాను. గుడ్ ఫ్రైడే నుంచి మొదలుపెట్టి, రెక్కగోడ, మేకులు, ఆయన కాలు తగల్లేదన్న సంగతి, అన్నీ. వాళ్లమ్మాయి రెండు అడుగుల దూరంలో నిలబడి వింది. పెద్దాయన ఇటుకల మీద కూలబడి, పదేళ్లూ ఆయన్ని ఆడిపోసుకున్నాం కదమ్మా అని ఒక్క మాట అన్నాడు.

వాళ్లమ్మాయి నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. "అమ్మ పోయేదాకా అడుగుతూనే ఉందండి, అంత పెద్ద మేస్త్రివి, ఆ మేకు ఎలా చూసుకోలేదయ్యా అని. నాన్న ఒక్కసారి కూడా నోరు విప్పలేదు" అంది. తర్వాత వచ్చి నా చేతిలోంచి పైపు రెండో చివర తీసుకుంది.

బకెట్లో నీళ్లు పోసి నింపాం. ఆ అమ్మాయి ఆయన తల వైపు, నేను కాళ్ల వైపు. నీళ్లు పైకీ కిందికీ ఊగాయి. ఎవరూ మాట్లాడలేదు. ఊగడం తగ్గింది, సన్నని గీతయింది, ఆగింది. రెండు వైపులా ఇటుక అంచుకి సరిగ్గా తగిలింది. పెద్దాయన తాపీ చేతిలో పట్టుకుని ఉన్నాడు, ఇటుక అందించేవాడు ఇటుక పట్టుకుని ఉన్నాడు. ఎవరూ కదల్లేదు. సరిపోయిందని చెప్పే మనిషి కోసం అందరం అలాగే నిలబడి ఉన్నాం.